తలా పిడికెడు పొగ

మైవోర్ ఆల్నెస్ మా ఫౌండ్రీకి యజమానురాలు కాకముందు చాలా ఏళ్ళు అందులోనే ఇసుక పిసికింది. పోత పోసిన ఇనుము లోపల బోలుగా రావాలంటే అచ్చు మధ్యలో గట్టి ఇసుక గుండు పెట్టాలి. ఆ గుండ్లు చేసే పని మా ఊరు ఓర్‌హుల్ట్‌లో ఎప్పుడూ ఆడవాళ్ళదే. పందొమ్మిదేళ్ళ పిల్లగా వచ్చి ఆ బల్ల ముందు నిలబడింది. అక్కడే అచ్చులు పోసే స్టెన్‌ను చూసి పెళ్ళాడింది. అతను చెరువు మీద చేపలు పడుతూ గుండె ఆగి పోయాడన్న కబురు కూడా ఆ బల్ల ముందే విన్నది. ముసలి యజమాని ఒకనాడు భోజనాల గదిలోకి వచ్చి, ఇక ఫౌండ్రీ మూసేస్తున్నానని చెప్పాడు. మగవాళ్ళందరం కాఫీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నాం. "మూయడం ఎందుకు, నాకివ్వు" అన్నది ఆమె ఒక్కతే.

నేను ఎస్కిల్‌ని. అచ్చులు పోసేవాణ్ణి. ఆమె పక్క బల్ల దగ్గర మొదలుపెట్టి ఆమె కింద పనిచేసి ముగించాను. ఇక్కడ చెప్పేదాంట్లో చాలామటుకు కళ్ళారా చూసినదే.

యజమానురాలైనా ఆమె నడవడి మారలేదు. పొద్దుటి కాఫీ వేళకి అందరికన్నా ముందు వచ్చి నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. ఏలకులు వేసిన తీపి రొట్టెలు ఇంట్లో కాల్చి తెచ్చేది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, ఇంకా తగ్గించేది. ఆ తగ్గిన గొంతుకే మాకు హడలు. ఆ గొంతుకి హడలిపోనివాడు తౌనో ఒక్కడే. కొలిమి అతని రాజ్యం. కుర్రతనంలో ఫిన్లండ్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, పెళ్ళీ పిల్లలూ లేకుండా ఆ కొలిమి పక్కనే ముసలివాడయ్యాడు. మాట్లాడడమే తక్కువ. మాట్లాడితే అందులో సగం తిట్లు.

పాత కొలిమి కోకుతో, అంటే కాల్చి గట్టిపరిచిన బొగ్గుతో, మండేది. మూడంతస్తుల ఎత్తు. దానికి రుచి పచి తెలియదు. తుప్పు, రంగు, మట్టి, మంచు, ఏది అంటిన ఇనుము వేసినా నమిలి కరిగించేది. కరిగించిన రోజున ఊరంతా పొగ. ఆ రోజుల్లో ఓర్‌హుల్ట్‌లో ఎవరూ తెల్లబట్టలు ఆరేసేవారు కాదు. చలికాలంలో ఫౌండ్రీ నుంచి బడి దాకా మంచు బూడిదరంగులో ఉండేది. మేం దానిని ఎప్పుడూ తప్పుపట్టలేదు. పొగ వస్తోందంటే జీతాలు వస్తున్నాయని అర్థం.

మా పోతల్లో ముప్పాతిక వంతు పట్నంలో పంపులు చేసే కంపెనీకి పోయేవి. అక్కడ కొనుగోళ్ళు చూసే మెర్తా వెస్టిన్ ఒక వసంతకాలం పొద్దున స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. మనిషి చురుకు, మాట సూటి. మైవోర్ ఆమె కోసం తుక్కు బెర్టిల్‌ని కూడా పిలిపించింది. మాకు పాత ఇనుము పంపే యార్డు అతనిది. స్టెన్‌కి ప్రాణస్నేహితుడు. స్టెన్ పోయిన రోజున పడవలో పక్కన ఉన్నది అతనే.

"మా పంపు వెనకాల ఉన్న పొగలో, అంటే అది తయారయ్యేలోపు అన్నిచోట్లా లేచే పొగలో, మా కార్ఖానాది గోరంత," అంది మెర్తా. "మిగతాదంతా మీ కొలిమిది, మీకు తుక్కు తెచ్చేవాళ్ళది. సగానికి దించకపోతే నేను ఇక్కడ కొనలేను మైవోర్. నా పైవాళ్ళు కొననివ్వరు."

"అంటే పంపు మీది, పొగ మాది."

"అందుకేగా వచ్చాను. మీరొక్కరే దించమనడం లేదు. ముగ్గురం కలిసి దించుదాం."

ఆ మధ్యాహ్నం వాళ్ళు మాట్లాడుకున్నది పెద్ద చిక్కు విషయమేమీ కాదు. మైవోర్ కోకు కొలిమి ఆపి కరెంటు కొలిమి పెట్టాలి. మా దేశంలో కరెంటు చాలావరకు నీటి నుంచి వస్తుంది కాబట్టి దాంతోనే పొగ సగం పోతుంది. కాని కరెంటు కొలిమి సుకుమారి. దానికి పొడిగా, శుభ్రంగా, ఏరిన ఇనుమే కావాలి. తడి తగిలితే పేలుతుంది. అందుకని బెర్టిల్ యార్డు మీద కప్పు వేయాలి, తుక్కు ఏరడానికి మనుషుల్ని పెట్టాలి. మెర్తా వాళ్ళు తమ కార్ఖానాలో మిగిలే శుభ్రమైన ఇనుప ముక్కలన్నీ బెర్టిల్‌కే ఇవ్వాలి. ఆర్డర్లు కూడా నెలనెలా సమంగా ఇవ్వాలి. అలా ఇస్తేనే కొలిమి నిండుగా నడుస్తుంది, ఊరికే వేడి చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

"ఇది రంపం లాంటిది," అంది మెర్తా. "ఒకరు లాగేటప్పుడు అవతలివాళ్ళు వదలాలి."

"ముగ్గురు లాగే రంపం నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు బెర్టిల్.

"ఇప్పుడు చూస్తావులే," అంటూ మైవోర్ నవ్వింది.

చేతులు కలుపుకున్నారు. పక్క ఊరి పత్రికవాడు వచ్చి ముగ్గురికీ ఫొటో తీశాడు. బెర్టిల్ ఆ ఫొటోలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

నిజం చెప్పాలంటే మైవోర్ మొదట భయపడే ఒప్పుకుంది. కొనేవాళ్ళు పోతే పొయ్యి ఆరిపోతుంది. ఫౌండ్రీ కోసం తాకట్టులో ఉన్నది ఆమె ఇల్లే. కాని కొత్త కొలిమి వచ్చాక ఆమె దాన్ని ప్రేమించింది. మొదటి వేసవి అంతా అనుకున్నట్టే నడిచింది. పట్నం నుంచి మెరిసే ఇనుప ముక్కలు బెర్టిల్ యార్డుకి, అక్కడి నుంచి మాకు వచ్చేవి. ఇనుము పాలు పొంగినట్టు నిశ్శబ్దంగా కరిగేది. పొగ గొట్టం మీద పావురాలు వాలడం మొదలుపెట్టాయి. మైవోర్ ఒకరోజు కరిగింపు జరుగుతుండగానే ఇంటికి నడిచి వెళ్ళి, దుప్పట్లు ఉతికి, ఫౌండ్రీకి కనబడేట్టు తీగ మీద ఆరేసి వచ్చింది. తౌనో కిటికీలోంచి చూసి, "పిచ్చిది," అన్నాడు. ఆ మాట ముద్దుగానే అన్నాడు.

ఆకులు రాలే కాలానికి పోతల్లో తేడా వచ్చింది. పంపు కంపెనీలో మా పోతలకి బెజ్జాలు వేస్తుంటే డ్రిల్లు ములుకులు విరుగుతున్నాయి. ఇనుములో ఎక్కడెక్కడివో లోహాలు కలిసి గాజులా గట్టిపడిపోతోంది. లారీ వెళ్ళిన దారినే పోతలు వెనక్కి వచ్చాయి. మళ్ళీ కరిగించాం. అంటే ఒకే పంపుకి రెండుసార్లు కొలిమి. ఆ వెంటనే వచ్చిన తుక్కు లారీలో పాత కంచె తీగలు, నూనె కారే ఇంజన్ ముక్కలు, బురద. మైవోర్ నన్ను తోడు తీసుకుని బెర్టిల్ యార్డుకి బయల్దేరింది.

యార్డు మీద కప్పు లేదు. నాలుగు స్తంభాలు పాతి వదిలేశాడు. తుక్కు గుట్టల మీద సన్నగా వాన పడుతోంది.

"కప్పు ఏదీ బెర్టిల్?"

"ముక్కలు ఏవీ మైవోర్?" అన్నాడతను వెంటనే, ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు. "నీ మెర్తాని అడుగు. వాళ్ళ మంచి ముక్కలు వేసవి చివరినుంచే రేవుకి పోతున్నాయి. ఓడలవాడు కాస్త ఎక్కువిచ్చాడట. నాకు చెప్పిన దిక్కు లేదు. లారీలు రావడం మానేస్తే తెలుసుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నా దగ్గర కొనడం మానేస్తావేమోనని."

బెర్టిల్ కాలితో ఒక డబ్బాని దొర్లించాడు.

"వాళ్ళు మాట తప్పితే నేనొక్కణ్ణీ అప్పుచేసి కప్పు వేసుకోవాలా?" అన్నాడు. "చెప్పు. నా చోట నువ్వుంటే వేస్తావా?"

ఆమె కారు వైపు నడిచింది. కారులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు. "నేనైతే వేసేదాన్నా ఎస్కిల్?" అంది.

మర్నాడు ఆఫీసు గదిలోంచి ఆమె మెర్తాకి ఫోను చేసింది. తలుపు తీసే ఉంది, అవతలి గొంతు నాకూ వినబడుతోంది.

"నాకు తెలుసు మైవోర్, నాకు తెలుసు," అంటోంది మెర్తా గొంతు. "ముక్కలు అమ్మే విభాగం వేరు, కొనే విభాగం వేరు. వాళ్ళకి వాళ్ళ లెక్క. నేను అడిగాను. కిందటి వారం కూడా అడిగాను."

"ఆర్డర్లు కూడా సమంగా రావట్లేదు. రెండు వారాలు ఖాళీ, ఆ పైన శుక్రవారానికల్లా కావాలంటావు. ఖాళీగా ఉన్నా కొలిమి చల్లారనివ్వకూడదు. ఊరికే కరెంటు తింటోంది."

"మాకు కొనేవాళ్ళు మమ్మల్ని అలాగే అడుగుతున్నారు. నేనేం చెయ్యను?"

"మనం చేతులు కలుపుకున్నాం మెర్తా."

"వచ్చే ఏడాది చూద్దాం," అంది మెర్తా.

చేసేది లేక మైవోర్ తుక్కు ఆరబెట్టే యంత్రం తెప్పించింది. గ్యాసు మంటల మీద ఇనుమును వేడిచేసి తడి పోగొట్టి, అప్పుడు కొలిమిలో వెయ్యడం. గ్యాసు మండితే పొగ రాదా? గొట్టంలోంచి నల్లగా రాదు గాని లెక్కలోకి వస్తుంది. ఒక పక్క పోగొట్టిన పొగని ఇంకో పక్క నుంచి మేమే లోపలికి తెచ్చుకున్నాం. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అలా అయింది. ఎవరి పిడికిలి చూసినా చిన్నదే. అవతలివాడు ముందు తప్పాడు కాబట్టి నేనూ కాస్త తప్పాను అనే మాటే ముగ్గురి దగ్గరా ఉంది. కలిపి లెక్కేస్తే పొగ దాదాపు పాత కొలిమినాటి దగ్గరికే వచ్చింది.

క్రిస్మస్‌కి ముందు పంపు కంపెనీ విందు చేసింది. మైవోర్‌తో పాటు నేనూ తౌనో కూడా వెళ్ళాం. ఉప్పు చేప, పంది మాంసం, బంగాళాదుంపలు, ఎప్పుడూ ఉండేవే. వాళ్ళ పెద్దాయన లేచి, తమ పంపు వెనకాల పొగ అనుకున్న ప్రకారం సగానికి దిగిందని చెప్పాడు. కొత్త కొలిమి పెడితే ఎంత దిగాలో ఆ అంకె వేసుకున్నారు గాని, నిజంగా ఎంత దిగిందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మైవోర్‌ని లేవమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మెర్తా చప్పట్లు కొడుతూ మా బల్ల వైపు చూడలేదు. మైవోర్ లేచి నిలబడింది. ఒక్క మాట అని ఉంటే బాగుండేదని తర్వాత నాతో చాలాసార్లు అంది. ఆ హాల్లో, అంత వెలుతురులో, నోరు పెగల్లేదట. అన్న మర్నాడు ఆర్డర్లు ఆగిపోతే ఫౌండ్రీలో ఇరవైమంది ఏం తింటారు?

తౌనో మాత్రం తిరుగు దారిలో, "సగం అంట," అని కిటికీలోంచి చీకట్లోకి ఒక ఫిన్నిష్ తిట్టు వదిలాడు.

జనవరిలో చలి ముదిరింది. చెట్లు రాత్రిళ్ళు తుపాకి పేలినట్టు పగిలేవి. సరిగ్గా అప్పుడే పెద్ద ఆర్డరు వచ్చింది, తొందరగా కావాలని. ఒక సోమవారం పొద్దున ఆరబెట్టే యంత్రంలో మంట ఆగిపోయింది. బాగుచేసేవాడు బుధవారం వస్తానన్నాడు. బయట లారీ నిండా బెర్టిల్ తుక్కు, పైన మంచు పేరుకుని ఉంది. కొలిమిలో ఇనుము కరిగి సిద్ధంగా ఉంది.

మైవోర్ కొలిమి దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు తగ్గి ఉంది.

"తౌనో, మంచు దులిపి వేసేద్దాం. ఒక్క లోడు."

"వెయ్యను."

"బుధవారం దాకా ఆగితే శుక్రవారానికి అందదు. ఈసారి అందకపోతే వేరేవాళ్ళని చూసుకుంటానని మెర్తా అంది."

"మెర్తాని వచ్చి వెయ్యమను."

"ఒక్క లోడే తౌనో. పెద్ద ముక్కలు ఏరి వేద్దాం. నేనే ఏరతాను."

ఆమె నిజంగానే బయటికి వెళ్ళి, చేతి తొడుగులు వేసుకుని, మాతో పాటు మంచు దులిపింది. పైకి పొడిగా కనబడ్డవే ఏరాం. తౌనో అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆమెని అంత దూరం దిగజారనివ్వడం అతనికి నచ్చలేదని నాకనిపించింది. చివరికి ముఖానికి అద్దం దించుకున్నాడు, బకెట్టు ఎత్తమని చెయ్యి ఊపాడు.

ఆ ముక్కల్లో రెండు చివర్లా నొక్కుకుపోయిన పైపు ఒకటి ఉంది. దాని కడుపులో గడ్డకట్టిన నీళ్ళు. బయటికి తెలియదు.

చప్పుడు నాకు గుర్తులేదు. కిటికీ అద్దాలన్నీ ఒకేసారి బయటికి పోవడం గుర్తుంది. ఇనుము కొలిమిలోంచి లేచి, షెడ్డు కప్పు తాకి, వానలా దిగింది. తౌనో కొలిమి అంచునే ఉన్నాడు. అద్దం కిందినుంచి ముఖంలోకి వచ్చింది. మేం అతన్ని బయటికి లాగి మంచులో పడుకోబెట్టాం. మైవోర్ ఒట్టి చేతులతో మంచు తీసి అతని ముఖం మీద పెడుతూనే ఉంది. అతను అరవలేదు. "కరెంటు ఆపారా?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.

ఒక కన్ను పోయింది. కుడిచేతి మూడు వేళ్ళు వంకరపోయాయి. ముఖంలో సగం నున్నగా, మెరుస్తూ, వేరేవాళ్ళ ముఖంలా అయింది.

విచారణకి వచ్చినవాళ్ళకి మైవోర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తడి ఉండొచ్చని తెలుసు, వెయ్యమన్నది నేనే అంది. తుక్కు ఎందుకలా వచ్చింది, తొందర ఎవరిది అని అడిగితే, "అవి వేరే సంగతులు," అంది. నేను కల్పించుకుని ముక్కల సంగతి చెప్పబోతే నా వైపు చూసింది. ఊరుకున్నాను.

కొత్త కొలిమి దగ్గరికి వెళ్ళనని అందరూ చెప్పేశారు, నాతో సహా. ఆర్డరు అలాగే ఉంది. గడువు పది రోజులు పొడిగించారు, అంతే. ఆ వారం రోజులూ మైవోర్ ఇంటికి పోయినట్టు లేదు. కాఫీ వేళకి నీళ్ళు పొయ్యి మీద పెట్టడం మరిచిపోయేది, పెడితే దించడం మరిచిపోయేది. ఒకరోజు భోజనాల గదిలో మా మధ్య కూర్చుని, ఎవరినీ చూడకుండా, "పాతదాన్ని వెలిగిద్దాం," అంది.

ఒకరిద్దరం కిటికీలోంచి, కూల్చకుండా వదిలేసిన ఆ కోకు కొలిమి వైపు చూశాం.

"ఇంకో దారి ఉంటే చెప్పండి. నాకు కనబడటం లేదు. అది తడినీ తింటుంది, మురికినీ తింటుంది. ఎవర్నీ చంపదు. ఇది పంపేసి, జీతాలిచ్చి, తర్వాత సంగతి తర్వాత."

చల్లారి నిలబడి ఉన్న ఆ కొలిమిని మేమే తుడిచాం. షెడ్డు మూల మిగిలిపోయిన కోకు ఎత్తి పోశాం. మంట పెట్టింది ఆమే. గొట్టంలోంచి మొదట తెల్లగా, తర్వాత పసుపుగా, ఆ తర్వాత మాకు చిన్నప్పటినుంచి తెలిసిన నలుపు రంగులో పొగ లేచింది. గాలి లేదు. అది నిటారుగా లేచి ఊరి మీద గొడుగులా విచ్చుకుంది. రహదారి మీద పోయే లారీలకి కూడా కనబడి ఉంటుంది.

గంట తిరక్కముందే బెర్టిల్ కారు వచ్చి ఆగింది. టోపీ కూడా పెట్టుకోలేదు.

"ఏం చేస్తున్నావు మైవోర్? పత్రికలవాళ్ళు చూస్తే?"

"చూడనీ. నీ తుక్కుకి ఇదే తగిన నోరు."

"నేను..." అని అతను ఆగిపోయాడు. "తౌనో సంగతి విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ పైపు నా యార్డుదే కదా."

"నీదే. ఎత్తించింది నేను. తొందర మెర్తాది. ముక్కలమ్మింది ఎవడో వాడి పేరు కూడా మనకి తెలీదు. పోయింది తౌనో కన్ను. ఎలా పంచుకుందాం బెర్టిల్? చెప్పు, నువ్వు లెక్కల్లో గట్టివాడివి."

బెర్టిల్ ఆ మంచులో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. కొలిమికి ఇంకో పార కోకు వేసింది. అతన్ని ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి అతను తనంతట తనే ఒక పార తీసుకున్నాడు. ముసలివాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి, దించుతామని ఫొటోకి నిలబడి చేతులు కలిపిన ఆ పొగకే మేత వేస్తుంటే చూడలేక నేను అచ్చుల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆర్డరు గడువుకి ఒకరోజు ముందే పంపాం. ఒక్క పోత కూడా వెనక్కి రాలేదు. వచ్చింది మెర్తా. ఆ పొగ ఫొటో ఎవరో వాళ్ళ పెద్దాయనకి పంపారు. భోజనాల గదిలో కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"కోకు వాడేవాళ్ళ దగ్గర మేం కొనం అని మా మాట ఉంది. నీకు తెలుసు."

"తెలుసు."

"నేను చాలా వాదించాను మైవోర్."

"వాదించి ఉంటావు."

"నీ ఆరబెట్టే యంత్రం సంగతి, ముక్కల సంగతి అంతా చెప్పాను. వాళ్ళు ఆ ఫొటో ఒక్కటే చూస్తున్నారు." మెర్తా కోటు బొత్తాం ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకుంది. "నన్ను తిట్టు. తిడితే కాస్త తేలిగ్గా ఉంటుంది."

"నీకు తేలిక కావడానికి నేనెందుకు తిట్టాలి?" అంది మైవోర్. గొంతు ఎంత తగ్గిందంటే పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు. "ఇకనుంచి పోతలు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?"

మెర్తా ఒక దూరదేశం పేరు చెప్పింది. ఓడలో వస్తాయట.

"అక్కడి కొలిమి ఎలాంటిది?"

"నాకు తెలీదు," అంది మెర్తా. "వాళ్ళు పంపే కాగితంలో తక్కువే అని ఉంది."

మైవోర్ తన పాత నవ్వు నవ్వింది. ఆ నవ్వు వినడం నాకదే ఆఖరు.

వసంతానికి ఫౌండ్రీ వేలానికి పోయింది. కొత్త కొలిమిని బాల్టిక్ సముద్రం అవతలివాళ్ళెవరో విప్పి పట్టుకుపోయారు. పాతదాన్ని ఎవరూ కొనలేదు. దాన్ని కోసి తుక్కుగా అమ్మారు. ఆమె ఇల్లు కూడా పోయింది. ఇప్పుడు బడి వెనకాల రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ బడి వంటశాలలో బంగాళాదుంపల తొక్కు తీస్తుంది. మెర్తా కూడా ఆ ఉద్యోగంలో లేదని విన్నాను. బెర్టిల్ మరుసటి ఏడు యార్డుకి కప్పు వేశాడు. మాకు కాదు, ఇంకెవరికో పంపడానికి. వేశానని చెప్పడానికి మైవోర్ ఇంటికి వెళ్ళి, తలుపు దాకా వచ్చి, కొట్టకుండా తిరిగి వెళ్ళిపోయాడని అతని భార్య చెప్పింది.

తౌనో చాలాకాలం మైవోర్‌ని రానివ్వలేదు. ఆమె ప్రతి శనివారం వెళ్ళి గుమ్మం ముందు కట్టెలు కొట్టిపెట్టి వచ్చేసేది. ఆ కట్టెలు అతను కాల్చేవాడు కాదు. గోడ పక్కన పేరుకుపోతుండేవి. కిందటి శీతాకాలం ఒకరోజు దారి మీద మంచు ఎక్కువగా ఉంటే నేను కారులో తీసుకెళ్ళాను. ఆమె గొడ్డలి తీస్తుంటే తలుపు తెరుచుకుంది.

"చాలు," అన్నాడు తౌనో. "పెట్టడానికి చోటు లేదు. లోపలికి రండి."

వంటింట్లో కూర్చున్నాం. నేను ఆ నున్నటి చెంప వైపు చూడకూడదనుకుంటూ చూస్తున్నాను. మైవోర్ సూటిగానే చూసింది.

"నేను చెప్పకపోతే నువ్వు వేసేవాడివి కాదు," అంది.

అతను ఏదో ఒక మంచి మాట అంటాడని చూశాను. అందరి తప్పూ ఉందనో, రాత అనో.

"వేసేవాణ్ణి కాదు," అన్నాడు తౌనో.

ఆమె తల ఊపింది. అతను లేచి కాఫీ గిన్నె తెచ్చాడు. ఒక కన్నుతో చూసేవాళ్ళకి దూరాలు అందవట. గ్లాసుకి ఇవతలే వంచాడు. కాఫీ బల్ల మీద పారింది, అంచు దాకా వచ్చి ఆమె ఒళ్ళోకి కారింది. వేడిది. ఆమె కదల్లేదు. అతను ఇంకా పోస్తూనే ఉన్నాడు.